పక్కన ఉన్నట్టు

"తులిప్పులు స్విట్జర్లాండ్‌వి కావండీ. హాలండ్‌వి," అంది భాగ్యశ్రీ.

"ఎవరివైతే ఏంటే? పెళ్ళికొడుకు నాన్నగారు కింద స్విట్జర్లాండ్ అని రాయమన్నారు. రాసెయ్యి," అన్నాడు అచ్యుతరావు.

"వెనకాల కొండ ఉంటే పోనీ అనుకోవచ్చు. గాలిమర తిరుగుతోంది కదండీ."

"పిండిమర అనుకుంటార్లే."

"హాలండ్ అని రాస్తే నష్టమేంటి?"

"భీమడోలు పక్కనెక్కడో ఉందనుకుంటారు. ఇంతకీ కాఫీ ఇస్తావా, అదీ హాలండ్ నుంచి రావాలా?"

కాఫీ అతని మోచేతి దగ్గరే చల్లారిపోయి ఉంది. అది చూపించి ఆమె మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది. చివరికి ఏ పేరూ లేకుండానే ఆమె ఆ పేజీని పంపించింది. ఆల్బమ్ అచ్చయి వచ్చేసరికి పూల కింద బంగారు అక్షరాలతో స్విట్జర్లాండ్ అని ఉంది.

అచ్యుతరావు స్టూడియో తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు పైన ఉంటుంది. ఫొటోలు తీసేది అతను. వాటిని ఇంట్లో కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లుగా మార్చేది భాగ్యశ్రీ. ఊళ్ళో దాన్ని మిక్సింగ్ అంటారు. కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీల మధ్య చెమటలు కారుతూ నిలబడ్డ జంటను అక్కణ్ణుంచి కత్తిరించి తీసి, మొరాకోలో నీలం గోడల వీధిలోనో, ఇటలీలో కాలవ గట్టున ఎరుపూ పసుపూ ఆకుపచ్చా ఇళ్ళ ముందో, ఫ్రాన్సులో ఊదారంగు పూలచేలోనో నిలబెట్టడమే ఆ పని.

విజయవాడ నుంచి తెచ్చిన సీడీల్లో ఆ చోట్లకు పేర్లుండవు, అంకెలుంటాయి. ఏలూరు కాలేజీలో జాగ్రఫీతో బి.ఏ. చేసిన భాగ్యశ్రీకి అది మింగుడుపడలేదు. పాత అట్లాసు, ఆదివారం పేపర్ల కత్తిరింపులు ముందేసుకుని ఒక్కోదానికీ ఊరూ దేశమూ వెతికి పెట్టింది. ఎండ ఏ వైపు నుంచి పడుతోందో చూసుకుని, అక్కడ నిలబెట్టిన మనిషికి దానికి తగ్గ నీడ గీసేది. మిగతా స్టూడియోల ఆల్బమ్‌లలో పెళ్ళికూతుళ్ళు గాల్లో తేలుతున్నట్టుంటారు. భాగ్యశ్రీ మాత్రం నీడ లేకుండా ఎవరినీ దేశం దాటించలేదు.

తను మాత్రం జిల్లా దాటి వెళ్ళింది తక్కువ. కొల్లేట్లో గూడబాతులు దిగే కాలంలో ఒక్కసారి ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళమని అడిగితే, "నీళ్ళూ కొంగలూ చూడ్డానికి పెట్రోలు పోసుకుని వెళ్ళాలా?" అనేవాడు అచ్యుతరావు.

ఆల్బమ్‌లు అచ్చయ్యేది ఏలూరులో ఒక ల్యాబ్‌లో. అక్కడ డిజైనింగ్ చూసే దుర్గేష్ అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. "మేడమ్, మీ ఫైళ్ళల్లో దిద్దడానికి మాకేమీ మిగల్చరండి. మా దగ్గర పనికొచ్చేయండి," అనేవాడు. ఆమె నవ్వేసి ఫోన్ పెట్టేసేది.

ఆ ఏడాది ల్యాబ్‌వాళ్ళు ఒక మాట చెప్పారు. అందరికంటే ఎక్కువ ఆల్బమ్‌లు పంపిన స్టూడియోకి ఆషాఢంలో బ్యాంకాక్ ట్రిప్పు, ఇద్దరికి.

"కొడితే మనిద్దరం వెళ్ళొచ్చేద్దామే," అన్నాడు అచ్యుతరావు.

ఆ మాట భాగ్యశ్రీ పట్టుకుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాల ఆల్బమ్‌లన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. రెప్పలు వాచిపోతే చన్నీళ్ళతో తుడుచుకుని మళ్ళీ కూర్చునేది. ఏ బొమ్మలోనూ కాకుండా, తన సొంత కాళ్ళతో ఒక కొత్త చోట నేల మీద నిలబడాలి. ఆమెకు కావలసింది అంతే. ట్రిప్పు వస్తుందన్న నమ్మకంతో ముందే పాస్‌పోర్టులకు పెట్టారు. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులు "ఎక్కడికమ్మా?" అంటే, ఆ ఊరి పేరు చెప్పడానికి సిగ్గేసి లోపలికి వెళ్ళిపోయింది. బాగా నడవాల్సి ఉంటుందని ఏలూరులో కాన్వాస్ బూట్లు కొనుక్కుంది. అలవాటు కావాలని సాయంత్రాలు డాబా మీద అటూ ఇటూ తిరిగేది. కింద నుంచి అత్తగారు వీరరాఘవమ్మ, "పైన గేదె గానీ ఎక్కిందేంట్రా?" అని కొడుకుని అడిగేది.

ట్రిప్పు వాళ్ళకే వచ్చింది. టికెట్లు చేతికొచ్చిన రోజు అచ్యుతరావు గుమ్మంలో చెప్పులు విడవకుండానే అన్నాడు.

"సత్తిబాబు వస్తున్నాడు."

సత్తిబాబు షామియానాలు అద్దెకిచ్చే అతని స్నేహితుడు. మస్కట్‌లో కొన్నాళ్ళు ఉండొచ్చినవాడు.

"మనతోనా?"

"నాతో. అందరూ మగాళ్ళే వస్తున్నారంట భాగ్యం. నువ్వొక్కదానివీ అక్కడేం చేస్తావు? నీకు తోచదు. వచ్చే ఏడు స్విట్జర్లాండ్ పెడతారంట, దానికి తీసుకెళ్తాను."

"అక్కడ తులిప్పులుంటాయాండీ?"

"ఎందుకుండవు?" అన్నాడు అతను, గండం గడిచిందనుకుని.

వీరరాఘవమ్మ కోడల్ని ఓదార్చింది. "నువ్వు చూడని చోటేముందమ్మా? అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయిగా."

భాగ్యశ్రీ బూట్లను డబ్బాలో పెట్టి అటక మీదికి తోసేసింది.

అచ్యుతరావు వెళ్ళొచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే సత్తిబాబు ఉల్లిపాయల కొట్టు దగ్గర కూర్చుని బ్యాంకాక్ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళెవరైనా అటుగా వస్తే ఆపేసేవాడు. ఆ ఆపెయ్యడమే తణుకు దాకా పాకింది. అచ్యుతరావు అక్క రత్నమాణిక్యం ఫోన్ చేసి, "పెళ్ళాన్ని ఇంట్లో వదిలేసి ఆ ఊరు వెళ్ళావంటగా? మా వీధిలో నలుగురూ నలభై రకాలుగా అనుకుంటున్నారు," అంది.

"ఎవరన్నారక్కా? భాగ్యం కూడా వచ్చింది. కావాలంటే ఫొటోలు చూద్దువుగాని."

"సరే, ఆదివారం మీ బావగారూ నేనూ వస్తాం."

ఫోన్ పెట్టేసి అతను భార్య వైపు తిరిగాడు. "సత్తిబాబుని తీసేసి ఆ చోట్లో నువ్వు కలుపుకో."

భాగ్యశ్రీకి మొదట అర్థం కాలేదు.

"నీకిదేం కొత్త పనా? నా పక్కన నువ్వున్నట్టు నాలుగు ఫొటోలు చెయ్యి. నోళ్ళు మూతపడతాయి. ఇంటి పరువు కదే."

"మా అబ్బాయి తప్పేం చేశాడని?" అని వీరరాఘవమ్మ మరో మాట కలిపింది. "నువ్వు పక్కనుంటే ఎవరూ ఏమీ అనరు."

మర్నాడు అచ్యుతరావు, మనిషిని విడిగా కత్తిరించుకోడానికి వీలుగా డాబా మీద ఆకుపచ్చ గుడ్డ కట్టాడు. ట్రిప్పు కోసమని ఫాల్ కుట్టించుకుని దాచుకున్న పట్టుచీర కట్టుకుని, అటక మీంచి దింపిన బూట్లేసుకుని ఆమె ఎండలో నిలబడింది.

"బూట్లెందుకే?"

"నడవాలి కదండీ."

అతను కెమెరాలోంచి చూశాడు. "కొంచెం నవ్వు. అక్కడున్నట్టు."

"ఎక్కడున్నట్టండీ?"

"ఎక్కడేంటి? బ్యాంకాక్‌లో!"

ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించుకుని చూసింది. నారింజా ఆకుపచ్చా పెంకుల గుడి కప్పులు, ఎండకి మెరిసే బంగారు గోపురం, కాలవలో పడవల నిండా గులాబీ రంగు పళ్ళూ పసుపు పూలూ. ఎంత బాగున్నాయో ఆమెకు తెలుసు. అన్ని చోట్లా సత్తిబాబు ఇకిలిస్తూ అచ్యుతరావు భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. మనిషిని చెరిపేసినా నాలుగు వేళ్ళు భుజం మీదే ఉండిపోయాయి. వాటి మీద చొక్కా గీతలు ఒక్కొక్కటే దిద్దింది. సత్తిబాబు ఖాళీ చేసిన చోట తనను పెట్టుకుంది. అంచులు నునుపు చేసింది. మొహం మీద వెలుగు సరిచేసింది. నీడ వెయ్యడం ఒక్కటే మిగిలింది. ఆమె మరిచిపోలేదు. వెయ్యబుద్ధి కాలేదు. అలాగే ప్రింటుకి పంపించి, ఏలూరు దుర్గేష్‌కి ఫోన్ చేసింది. ఈసారి నవ్వలేదు.

ఆదివారం తణుకు నుంచి రత్నమాణిక్యం, ఆమె భర్త ప్రసాదరావు వచ్చారు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భాగ్యశ్రీ కొర్రమీను పులుసు పెట్టింది. అందరూ కంచాల ముందు కూర్చున్నారు. అచ్యుతరావు ఎడంచేత్తో ఫొటోలు అందిస్తుంటే ఒకరి నుంచి ఒకరికి తిరిగాయి.

"ఎంత బాగా పడ్డావే అమ్మాయ్! ఆ చీర నేను చూడలేదు. విమానంలో భయమేసిందా?" అంది రత్నమాణిక్యం.

"భయమెందుకక్కా, నేను పక్కనుండగా," అన్నాడు అచ్యుతరావు.

"తిండి ఏం పెట్టారే?"

"అన్నమే. మన అన్నంలాగే ఉంటుంది," అని కూడా అతనే అన్నాడు.

"నిన్నడిగానా? అది మూగదా ఏంటి?"

ప్రసాదరావు గుడి ముందు తీసిన ఫొటోని వెలుతురుకి తిప్పి చూస్తున్నారు. "ఏమోయ్ అచ్యుతం, చెల్లెమ్మకి నీడేదోయ్?"

"ఏంటి బావగారూ?"

"నీ నీడ మెట్ల మీద బారెడు పడింది. పక్కనే ఉన్న చెల్లెమ్మకి చుక్కంత లేదు."

"మబ్బు పట్టిందండీ అప్పుడు."

"నీకు పట్టకుండా ఆవిడ ఒక్కదానికే పట్టిందా? పతివ్రతల మీద మబ్బులకీ గౌరవమే కాబోలు!" అని ఆయన తన హాస్యానికి తనే నవ్వారు.

"మీ డ్రాయింగు క్లాసు ఆపండీ. భాగ్యం, నువ్వు చెప్పవే. అక్కడ పడవల్లోనే సంత పెడతారంట, నిజమేనా?"

అందరూ భాగ్యశ్రీ వైపు చూశారు. అచ్యుతరావు కళ్ళతో బతిమాలాడు.

"చెప్పమ్మా, వదినగారు అడుగుతుంటే," అంది వీరరాఘవమ్మ.

"నేను చూడలేదండీ వదినగారూ," అంది భాగ్యశ్రీ, గరిటె గిన్నెలో పెట్టి. "ఆయనతో వెళ్ళింది సత్తిబాబుగారు. నన్ను మన డాబా మీద ఫొటో తీసి అందులో కలిపారు. కలిపింది నేనే."

ప్రసాదరావు ఫొటోని మెల్లగా బోర్లించి పెట్టారు.

"భాగ్యం!" అన్నాడు అచ్యుతరావు.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి. రేపట్నుంచి ఏలూరు ల్యాబ్‌లో పనికి వెళ్తున్నాను. దుర్గేష్‌గారికి మాటిచ్చేశాను. పొద్దున్న పాసింజరుకి వెళ్ళి సాయంత్రం వస్తాను."

అచ్యుతరావు నోరు తెరిచాడు. క్షమించమంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది.

"మరి మన ఆల్బమ్‌లెవరు చేస్తారు? శ్రావణం ముహూర్తాలు నెత్తి మీదికొచ్చాయి!" అన్నాడు.

"ల్యాబ్‌కి పంపండి. నా దగ్గరికే వస్తాయి. హాలండ్‌ని హాలండ్ అనే రాస్తాను."

"ఇంటి సంగతో?" వీరరాఘవమ్మ గొంతు లేచింది. "పగలంతా నువ్వు లేకపోతే ఇల్లెలా గడుస్తుందే?"

"నేనున్నట్టు కలుపుకోండి అత్తయ్యా," అంది భాగ్యశ్రీ.

గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "పులుసు ఇంకొంచెం వెయ్యమంటారా అన్నయ్యగారూ?"

ప్రసాదరావు కంచానికి చెయ్యి అడ్డం పెట్టారు.