పన్నెండు గంటల మనిషి

గోల్కొండలో సగం మెట్లు కూడా ఎక్కలేకపోయాను. చార్మినార్‌ను బస్సు కిటికీలోంచే చూశాను. నిజామాబాద్ నుంచి ఈ ఒక్కరోజు టూరుకు నేను వచ్చింది సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం కోసం. గంటగంటకూ అందులోంచి ఓ చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. "పన్నెండింటికే చూడాలి, నేను చూపిస్తా," అనేది నా భార్య సుమలత, కాలేజీ రోజుల్లో చూసిన మురిపెంతో. చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో సెలవు దొరికితే పోదామంటూ ముప్పయ్యేళ్లు గడిపాను. కిందటేడు ఆమె చనిపోయింది.

మ్యూజియం గేటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకు పావుగంట తక్కువ. సెక్యూరిటీ అతను నా వెంట వచ్చిన మా అక్క అంజవ్వ సంచి తెరిపించాడు. తడిబట్టలో చుట్టిన తునికాకు, డబ్బాలో తంబాకు, కత్తెర.

"ఇదేంది అవ్వా?"

"బీడీల సామాను. రాత్రి తడిపిన ఆకు. ఇయ్యాల చుట్టకుంటే ఎండి పలుగుతది. రేపు బోధన్‌ల కార్ఖానకు ఏమియ్యాలె, నా మొకమా?"

"తంబాకు లోపలికి పోనియ్యరు."

కామారెడ్డి దాకా బస్సులో చుడుతూనే వచ్చింది అక్క. పక్క సీటామె ముక్కు మూసుకున్నా ఆపలేదు.

"ఒక్కరోజు ఇంట్ల పెట్టి రారాదా అక్కా?"

"నువ్వు పో తమ్మీ. నేను గీ గోడ పొంటి కూసొని చుట్టుకుంట. మరదలు నీకు చూపిస్త అన్నది, నాకు గాదు."

గోడకు నీడ లేదు. అక్కకు డెబ్బై ఏళ్లు. నాకు మాట్లాడే ఓపిక కూడా అయిపోయింది.

"వద్దులే. పోయి బస్సుల కూసుందాం," అన్నాను.

సెక్యూరిటీ అతను మా ఇద్దరినీ ఒకసారి చూసి, సంచి లాక్కొని తన కుర్చీ కింద పెట్టుకున్నాడు.

"పోండ్రి, జల్ది! పన్నెండు కొడ్తది."

లోపల అప్పటికే జనం. ఎవరో జరిగి అక్కకు చోటిచ్చారు. నేను వెనక నిలబడ్డాను. చిన్న తలుపు తెరుచుకుంది. గడ్డపు మనిషి వచ్చి, ఏ తొందరా లేకుండా పన్నెండు కొట్టి లోపలికి పోయాడు. జనం తలల మీదుగా అతని టోపీయే కనబడింది. దెబ్బలు మాత్రం అన్నీ విన్నాను.

"మనకన్న నయం," అంది అక్క. "పని కాంగనే తలుపేసుకున్నడు."

చాలా రోజులకు నవ్వొచ్చింది.

తిరిగొచ్చి సంచి అందుకుంటే చేతికి చల్లగా తగిలింది. ఆకు చుట్టిన బట్ట మళ్లీ తడిగా ఉంది. కుర్చీ పక్కన నీళ్ల సీసా సగం ఖాళీ.

"మా అమ్మ సుత చుడ్తది," అన్నాడు సెక్యూరిటీ అతను, తర్వాతి వాళ్ల సంచి తెరుస్తూ.