లంబసింగి చలిలో ఒక హీటర్ ప్లగ్గు

నేను ఒక హీటర్ ప్లగ్గుని. పెన్సిలంత లావుంటాను. డీజిల్ బండి ఇంజిన్‌లో తల దూర్చుకుని బతకడం నా పని.

నర్సీపట్నంలో రామచంద్రం గారి స్పేర్ పార్టుల కొట్టుకి లంబసింగిలో జీపు నడిపే పంగి సూరిబాబు వచ్చినప్పుడు "ప్లగ్గు ఇవ్వండి" అన్నాడే తప్ప ఏ ప్లగ్గో చెప్పలేదు. రామచంద్రం గారు స్పార్క్ ప్లగ్గు తీసిచ్చారు. సాయంత్రానికి సూరిబాబు మళ్ళీ వచ్చాడు.

"ఇది మా జీపుకి పట్టట్లేదండీ."

"డీజిల్ జీపని చెప్పొద్దా నాయనా? పెట్రోలు తనంతట తను అంటుకోదు. ప్రతిసారీ నిప్పురవ్వ కావాలి, అందుకు స్పార్క్ ప్లగ్గు. డీజిల్‌కి రవ్వ అక్కర్లేదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే మండుతుంది. కాకపోతే మీ కొండమీద చలికి ఇనుమే ఆ వేడిని తాగేస్తుంది. అప్పుడు ముందుగా లోపల వెచ్చబెట్టాలి. అందుకు హీటర్ ప్లగ్గులు. తాళం సగం తిప్పి ఆగు. పసుపు దీపం ఆరాక స్టార్టు చెయ్యి."

సూరిబాబు తల ఊపాడు. మనుషులు తల ఊపినంత తేలిగ్గా వినరని నాకప్పటికి తెలీదు.

నన్నూ నాలాంటి మరో ముగ్గురినీ జీపుకి బిగించారు. పాత ప్లగ్గులు ఎప్పుడో కాలిపోయాయట. అన్నాళ్ళూ ఊరివాళ్ళే రోజూ తోసి బండిని నడిపించారు.

మర్నాడు తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. కిల్లో దొంబురు అనే పెద్దాయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్లకి తీసుకెళ్ళే బస్సు చింతపల్లిలో పొద్దున్నే బయల్దేరుతుంది. అది తప్పితే మళ్ళీ ఏడాదికే. ఆయన వెనక సీట్లో కంబళి కప్పుకుని కూర్చున్నాడు. భార్య చిలకమ్మ ముందు కూర్చుంది.

సూరిబాబు ఎక్కుతూనే తాళం పూర్తిగా తిప్పేశాడు. నాకు ఒళ్ళు వేడెక్కే వ్యవధే ఇవ్వలేదు. ఇంజిన్ మూలిగి ఊరుకుంది. ఇంకోసారి తిప్పాడు. ఈసారి మూలుగూ సన్నబడింది. బ్యాటరీ నీరసించిపోతోంది. బండి ముందు ఎత్తు, వెనక పొలం గట్టు. తోయడానికీ దారిలేదు.

"పోనీలే బాబూ, దిగిపోతాం" అన్నాడు దొంబురు. "నాకు చీకటి అలవాటే."

ఆ మాటకి సూరిబాబు తాళం వెనక్కి తిప్పేశాడు. అప్పుడు రామచంద్రం గారి మాట గుర్తొచ్చినట్టుంది, ఈసారి సగమే తిప్పాడు. నా కొస ఎర్రబడటం మొదలైంది. అతని చెయ్యి మళ్ళీ తొందరపడబోయింది. చిలకమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఉండు నాయనా. ఈ పసుపు దీపం ఏటి?"

"అది ఆరితే స్టార్టు చెయ్యాలి పిన్నీ."

"మరైతే ఆరనీ. ఏటీ కంగారు?"

నేను నా శక్తంతా కొసకి తెచ్చుకుని మండాను. "ఆరింది!" అని చిలకమ్మ కేకేసింది. సూరిబాబు తాళం తిప్పాడు. పక్కన డీజిల్ తుంపర పడింది, భగ్గుమంది, ఇంజిన్ దగ్గి, పొగ కక్కి, గర్జించింది. వాళ్ళకి బస్సు అందింది.

వారం తిరక్కుండానే దొంబురు నల్లద్దాలు పెట్టుకుని అదే జీపులో ఇంటికొచ్చాడు. సూరిబాబుని ఎగాదిగా చూసి, "నీకు అప్పుడే జుట్టు నెరిసిందేట్రా!" అన్నాడు. చిలకమ్మ ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ జీపులో చాలా చలికాలాలు గడిపాను. ఇప్పుడు నా కొస కాలిపోయింది, మెకానిక్ షెడ్డులో పాత ఇనుము డబ్బాలో ఉన్నాను. బాధేమీ లేదు. ఇక్కడ తీరిగ్గా, దొంబురుకి చూపొచ్చాక జరిగిన ఒక పొద్దుటి సంగతి తలుచుకుంటూ ఉంటాను.

ఆ పొద్దున ఘాట్ రోడ్డు మీద చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత మంచు. మలుపు ఎక్కడుందో, లోయ ఎక్కడుందో తెలీక సూరిబాబు బండి ఆపేశాడు. అప్పుడు దొంబురు దిగి, కాళ్ళ దగ్గర రోడ్డు అంచు చూసుకుంటూ జీపుకి ముందు నడవడం మొదలెట్టాడు. ఇంజిన్ వేడిగానే ఉంది, నాకు పనిలేదు. వెలగకుండా, కదలకుండా, ఆయన గొంతు వింటూ కూర్చున్నాను.

"ఇటు రా సూరీ, ఇటు. నాకు కనిపిస్తోందిరా."