రాణి చెల్లెలి సంగతి

మా ఊరి వంక పొంగి మగ్గాల గుంతలన్నీ నీళ్లతో నిండిన ఏటి నుంచి లెక్కేస్తే అది మూడో ఏడు. సర్కారు లెక్కలో పంతొమ్మిది వందల యాభై ఐదు. మాకు వంక లెక్కే. పిల్లోడు పుట్టినా, ముసలోడు పోయినా, వంకకు ముందా వెనకా అని అడిగేది.

నాకూ మా తమ్ముడు దేవేంద్రప్పకూ మాటలు ఆగిపోయింది కూడా ఆ వంకతోనే. ఆ పొద్దు నీళ్లు వీధిలోకి వస్తాంటే మా అమ్మను వీపున ఎత్తుకోని ఊరిబయట గుట్ట ఎక్కించినా. వాన నిలవలేదు. తడిసిన ముసలామెకు జ్వరమొచ్చి, వారం తిరక్కుండానే పోయింది. దినం నాడు అందరూ విస్తర్ల ముందర కూకోనుండంగా తమ్ముడు, "మా అమ్మను వంక సంపలేదు, తడిపి సంపినారు" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నాకు మాట తొందరగా రాదు, ఇప్పటికీ అంతే. మరుసటి రోజు జవాబు చెప్దాంలే అనుకున్యా. ఆ మరుసటి రోజు రానే లేదు.

నా పెండ్లాము అంతకు ముందే పోయింది. పిల్లల్లేరు. తమ్ముడుండేది అదే వీధిలో, మధ్యలో కొన్ని ఇండ్లు. పొద్దున్నే వాని మగ్గం చప్పుడు నాకు వినపడతాది, నాది వానికి వినపడతాది. ఉన్నట్టుండి వానిది ఆగితే దారం తెగినట్టుండాది అనుకుంటా. మళ్లా మొదలైతే నేనూ దారాన్ని అటూ ఇటూ తోసే నాడె అందుకుంటా. అంతవరకే మా అన్నదమ్ములతనం.

మధ్యాన్నం సంగటి తిన్నంక మగ్గాలోళ్లమంతా సంఘం అరుగు మీదికి చేరేది. సంఘం గుమాస్తా సుంకప్ప ఆదోని బస్సులో వచ్చే పేపరు గొంతెత్తి చదివేవాడు. నిన్నటిదైనా మాకు ఈపొద్దుదే. తమ్ముడు అటు కంబం కాడ, నేను ఇటు కంబం కాడ. ఆ రెండు తావుల్లో ఇంకెవరూ కూకునేవాళ్లు కాదు.

దీపావళి ముందర నుంచి పేపరు నిండా ఇంగ్లండు రాణి చెల్లెలి సంగతే. ఆ పిల్ల ఒకాయన మీద మనసు పడింది. ఆయన ఆ రాజుల ఇంట్లోనే కొలువు చేసినోడు, పెండ్లాంతో తెగతెంపులైనోడు, ఇద్దరు పిల్లల తండ్రి. కడాకు ఆయన్ను చేసుకోనని ఆ పిల్లే చెప్పేసిందంట. చెప్పేసి దినాలైనా మా అరుగు మీద ఆ పంచాయితీ తెగలేదు.

"మొగోనికి ఏం కొదవ?" అన్నాడు బొజ్జన్న. నూలుకు రంగులేసేవాడు, మోచేతుల దాకా ఎప్పుడూ నీలమే. "రెండో సంబంధమైతే ఏమి? మా నాయనకు మా అమ్మ రెండోదే. మేము రాజులం కాలేదు గాని, తక్కినదంతా బాగానే ఉండాం."

"మీరు రాజులు కాకపోయింది దానివల్ల కాదులేప్పా" అన్నాడు సుంకప్ప.

నూలు కండెలు చుట్టే విశ్వాసమ్మ మెట్టు మీద కూకోని ఉండాది. "అట్లగాదప్పా. పెండ్లాము బతికుండంగా ఇంగొకతిని చేసుకోకూడదని మా ఏసయ్య గుడిలో అయ్యగారు చెప్తాడు. ఆ దేశంలో గుడికి ఆ రాణే పెద్దంట. సొంత చెల్లెలికి ఒప్పుకుంటే ఊరోళ్లకు ఏ మొగం పెట్టుకోని చెప్తాది?"

"అయితే రాణమ్మ మీవాళ్లేనన్నమాట" అన్నాడు బొజ్జన్న. "ఒక మాటేసి, నాలుగు చీరలు మా కాడ తీసుకోమను తల్లీ."

నవ్వులు తగ్గినంక తమ్ముడు అందుకున్యాడు. సుంకప్ప దిక్కు చూస్తా అన్నాడు. "పెద్దది ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేనుండా, నువ్వు బయపడొద్దు అని. అనలేదు. పెద్దోళ్లకు నోరుండదు సుంకప్పా. అదే పెద్దరికం అనుకుంటారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేమిద్దరం ఇట్లనే మాట్లాడుకుంటామని అందరికీ తెల్సు. వానలు కానీ, ఓట్లు కానీ, రాజులు కానీ, వాడొకటంటాడు, నేనొకటంటా. ఇద్దరం చెప్పేది సుంకప్పకే.

నేనూ సుంకప్పకే చెప్పినా. "పెద్దది ఏమనిందో పేపరోనికేం తెల్సు. వాడు ఆ ఇంట్లో ఉన్యాడా? పెద్దదానికీ ఏడుపుంటాది. చూసినోళ్లుండరు."

"ఏమప్పా, ఈ ఏటి మాటలన్నీ శివన్న ఈపొద్దే ఖర్చు పెట్టేసినాడే" అన్నాడు బొజ్జన్న నా దిక్కు చూస్తా.

సుంకప్ప పేపరు తిప్పినాడు. నాలుగు పెద్ద దేశాల మంత్రులు ఒక తావ కూడి, ఏమీ తేలకుండానే లేచి ఎవరిదారిన వాళ్లు పోయినారంట. ఈజిప్టు వాళ్లు తుపాకులు కొంటాండారంట, పక్క దేశమోళ్లు కాచుకోని ఉండారంట. మళ్లా యుద్ధమొచ్చేటట్టే ఉండాదని చదివినాడు.

యుద్ధమంటే మాకు బాంబు కాదు, నూలు. పోయిన యుద్ధంలో నూలుకు కంట్రోలు పెట్టినారు. చీటీ పట్టుకోని పొద్దంతా నిలబడితే ఒక కట్ట చేతికొచ్చేది, రాకనూ పోయేది. మగ్గాలు పండుకున్యాయి. నాడె పట్టిన చేతుల్తో మావాళ్లు రోడ్డు పనిలో కంకర కొట్టినారు.

"యాడో ఈజిప్టులో కొట్టుకుంటే ఈడ మన గుంతలో దుమ్ము పడతాది" అన్నాడు బొజ్జన్న.

"దుమ్ము పడేదాకా నేనుండను" అన్నాడు తమ్ముడు. "సుంకప్పా, సంఘంలో నా పేరు తీసెయ్. షోలాపూరు మిల్లులో మా ఇంటామె వాళ్లన్న ఉండాడు. రమ్మంటాండాడు. రేపు మొదటి బస్సుకే పోతాండాం."

సుంకప్ప కండ్లద్దాలు తీసినాడు. విశ్వాసమ్మ నా మొగం చూసింది. నేను కండువా దులుపుకోని ఇంటికొచ్చినా.

ఆ సాయంత్రం మగ్గంలో కూకున్యా గాని చెయ్యి ఆడలేదు. తమ్ముని మగ్గమూ వినపడలేదు. ఆ చప్పుడు లేకపోతే మా వీధి ఇంత పొడుగుంటాదని నాకు తెలీదు.

పొద్దు వాలినంక తమ్ముని పెండ్లాము అంజనమ్మ వాకిట్లోకి వచ్చింది. అమ్మ పోయినంక మా గడప కాడికి రావడం అదే మొదలు. కొంగు కప్పుకోని, గోడ దిక్కు చూస్తా చెప్పింది.

"బావా, ఇంటి బీగంచెవి మీ కాడ పెట్టిపోతాం. శుక్రవారం దీపం పెడితే సాలు."

"పెడతాలేమ్మా."

ఆమె కదల్లేదు. "అచ్చు కోసేస్తానంటాండాడు బావా. కత్తి పక్కన పెట్టుకోని కూకోనుండాడు. నేను చెప్తే వినడు."

మగ్గంలో అచ్చు అంటే సన్న పుల్లల దువ్వెన మాదిరి ఉంటాది. పుల్ల పుల్ల సందునా దారం పోయుంటాది. చీర నేసేది అయిపోయినా సాలెవాడు ఆ దారాలను మొదలంటా తీసెయ్యడు, మూరెడు కొసలు అచ్చులోనే ఉంచుతాడు. కొత్త దారాలను ఆ కొసలకే మెలిపెట్టి లోపలికి లాగుతాడు. కొసలుంటే మగ్గానికి ఊపిరున్నట్టు. ఊరు విడిచేవాడు కొసలు ఉంచిపోతే తిరిగొస్తాడని, కోసేస్తే ఇంగ రాడని మావాళ్ల లెక్క.

ఆమె వెనకాలే పోయినా. తమ్ముడు గుంతలోకి కాళ్లు దించుకోని కూకోనుండాడు. కత్తి పక్కనే ఉండాది, కొసలు ఇంకా అచ్చులోనే ఉండాయి. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. మా మధ్య సుంకప్ప లేడు. పోవద్దురా అనే మాట నాలిక మీద దాకా వచ్చింది. నోట్లోంచి వచ్చింది వేరే.

"ఆ రాణి చెల్లెలు ఇంగ అక్క ఇంటికి పోతాదంటావా?" అని మగ్గాన్ని అడిగినట్టు అడిగినా.

వాడు కొసల మీద చెయ్యి పెట్టినాడు. "పోక ఏం చేస్తాది" అన్నాడు. "పండక్కో పబ్బానికో పోతాది. అక్కే కదా."

"కోపం పెట్టుకోదు గదా."

"ఏం కోపం. అక్క మాత్రం ఏం చేస్తాది. వచ్చిన ఆపద అట్లాంటిది."

అమ్మ సంగతి మరిచిపోదామంటాండాడు, పండగలకు వస్తానంటాండాడు అనుకున్యా. అంతా చెప్పుకున్నట్టే అనిపించింది. సరే అని వెనక్కి తిరిగినా.

వాకిట్లో అంజనమ్మ, "అంతేనా బావా?" అనింది.

"అంతేమ్మా. కొయ్యడులే" అన్యా.

తెల్లారి బస్సు కూత వినపడినప్పుడు నేను వేపపుల్ల నములుతా ఉండా. బస్సు కాడికి పోలేదు. మళ్లా వచ్చేవాళ్లే కదా, సాగనంపేదెందుకు అనుకున్యా. బీగంచెవి గడప మీద పెట్టిపోయినారు.

పోయి తలుపు తీసినా. ఇల్లు ఊడ్చి ఉండాది. అచ్చులో ఒక్క దారం లేదు. పుల్లల సందుల్లోంచి కిటికీ వెలుతురు ఇవతలికి కనపడతాండాది. కోసిన కొసలను చిన్న కుప్పగా చేసి మూలకు పెట్టినాడు. నేను రాణి గురించి అడిగినా, వాడు రాణి గురించే చెప్పినాడు, మా గురించి కాదు.

ఇంటికి పోయి నా నూలు, దారం లాగే కొక్కెం తెచ్చుకున్యా. ఖాళీ అచ్చుకు దారం పోసేది ఒకరి పని కాదు. అటుపక్క ఒకరు కూకోని దారం అందియ్యల్ల, ఇటుపక్క ఒకరు కొక్కెంతో లాక్కోవల్ల. నేను అటుపక్క కూకోని సందులో దారం పెట్టి, లేచి, మగ్గం సుట్టూ తిరిగి ఇటుపక్కకు వచ్చి లాగి, మళ్లా అటు పోతాంటి. పొద్దెక్కేసరికి బెత్తెడు వెడల్పు నిండింది.

కండెల బుట్టతో వీధిలో పోతాండే విశ్వాసమ్మ తెరిచిన తలుపు చూసి నిలబడింది. "ఎవరప్పా లోపల? దేవేంద్రప్ప పోలేదా?"

"నేనేలేమ్మా" అని చెప్పి, ఇంకో దారం తీసుకోని అటుపక్కకు పోయినా.