అమోసు ఉర్ఫ్ లచ్చయ్య

అమోసు చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ బొగ్గుబాయిల ముప్పైఆరేండ్లు నౌకరి చేసి దిగిపోయిండు. ఇప్పటికి గూడ బజార్ల ఎదురైన బాయి దోస్తులు "ఏం లచ్చయ్యా, తిన్నవా?" అనే అడుగుతరు. బిడ్డ జెస్లిన్ చిన్నప్పటిసంది గిది వినుకుంటనే పెరిగింది. బాయిల అందరికి ఏదో ఒక మారుపేరు ఉంటది, మా డాడీది లచ్చయ్య కావచ్చు అనుకున్నది. ఆమెకు ఎవ్వలు చెప్పలే. ఇంట్ల తెల్సినోళ్ళు ఇద్దరే, అమోసు, ఆయన పెండ్లాం దీనమ్మ. ఇద్దరూ నోరు కుట్టుకున్నరు.

లచ్చయ్య ఉత్త పేరు గాదు. మనిషి. లక్కడ్‌కోట్‌ల అమోసోళ్ళ పక్కింటోడు. పందొమ్మిదివందల ఎనభై అయిదుల బాయి నౌకరి కాగితం లచ్చయ్యకు వచ్చింది. పోయిండు, ఒక్క షిఫ్టు దిగిండు. నెత్తిమీద పైకప్పు కటకట అన్న సప్పుడు విన్నడు. పైకొచ్చి మొఖం గూడ కడుక్కోకుండ బస్సెక్కి ఊరికొచ్చిండు. "నాకొద్దురా అమోసూ, నేను నాగలి పట్టుకొనే సస్త" అన్నడు. అమోసుకు ఎడ్లున్నయి, భూమి లేదు. లచ్చయ్యకు భూమి ఉన్నది, ఎడ్లు లేవు. ఎడ్లజోడు అటు పోయింది, నౌకరి కాగితం ఇటు వచ్చింది. దాని మీద ఫోటో లేకుండె. మరునాడు బాయి కాడ హాజరి పిలుస్తుండ్రు. "లచ్చయ్యా" అంటే అమోసు చెయ్యి లేపిండు.

లేపిన చెయ్యి మళ్ళ దించరాలే. పీఎఫ్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ఎనకసిరి వచ్చిన ఆధార్, అన్ని లచ్చయ్య పేరు మీదనే అయినయి. అమోసు అన్న పేరు చర్చి రిజిస్టర్ల ఒకటి మిగిలింది. ఇంకోటి బిడ్డ పేరు నడుమల. మహారాష్ట్రల పిల్లల పేరు నడుమ తండ్రి పేరు రాస్తరు గదా. జెస్లిన్ పుట్టిననాడు దవఖానల "బాప్ కా నామ్?" అని అడిగితే అమోసు నోట్లెకెళ్ళి లచ్చయ్య అని రాలే. దేవుడిచ్చిన బిడ్డకు అడుక్కొచ్చుకున్న పేరేంది అని అమోసు అనే రాయించిండు. అప్పటిసంది బడి కాగితాలు, నర్సింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, అన్నిట్ల ఆ పిల్ల జెస్లిన్ అమోసే.

అసలు లచ్చయ్య రెండువేల పదకొండుల జరం వచ్చి పోయిండు. అమోసు మట్టికి పోయిండు, ముందుగాల పిడికెడు మట్టి ఆయనే వేసిండు. మూడోనాడు లచ్చయ్య పెండ్లాం ఎల్లమ్మ ముందల కూసొని, "వదినే, సావు కాగితం తియ్యకు. అది తీస్తే నా నౌకరి పోతది. నెలకు వెయ్యి పంపుత, నా బొందిల పానమున్నదాంక" అన్నడు. ఎల్లమ్మ చెంగు మూతికి అడ్డం పెట్టుకొని తలూపింది.

ఆ వెయ్యి ఒక్క నెల తప్పలే. ఈ ఏడు ఎండకాలం దాంక.

జెస్లిన్ చంద్రపూర్‌ల ఒక దవఖానల నర్సు. కెనడాల ఉండిపోయేటందుకు అర్జీ పెట్టుకుంటున్నది. మార్కులు సరిపోయినయి, అనుభవం సరిపోయింది. ఒక్కటే తక్కువ పడ్డది. అక్కడ దిగినంక ఎవ్వల మీద పడకుండ తన తిండి తాను తింటదని పైసలు చూపియ్యాలె. పది లక్షల పైన. ఆమె దగ్గర మూడున్నయి. "నేను దిగిపోయినప్పుడు వచ్చినయి ఖాతాల ఊకెనే పడి ఉన్నయి గదా బిడ్డా" అన్నడు అమోసు. తండ్రీబిడ్డలిద్దరు స్కూటీ మీద వీసా పనులు చూసే ప్రమోద్ ఆఫీసుకు పోయిండ్రు.

ప్రమోద్ మరాఠీ పిలగాడు, మాట తీపి. బ్యాంకు లెక్కల అంకెలు మాత్రమే చూసుకుంట పోయిండు.

"కాకా, పైసలుంటే సాలదు. ఆరునెల్ల లెక్క అడుగుతరు. నిండు బిందె లెక్క ఖాతా తొణకొద్దు. ఇగో, నెలనెల ఎల్లమ్మ అని వెయ్యి పోతున్నయి. ఎవలామె?"

"ఊర్ల సుట్టం."

"పైసలిచ్చే మనిషి మీద ఇంకెవలో బతుకుతున్నరంటే నూరు ప్రశ్నలొస్తయి. ఆరునెల్లు బంద్ పెట్టుండ్రి."

అమోసు బంద్ పెట్టిండు. దీనమ్మ ఊకోలే. "చేతికన్న ఇచ్చి రావయ్యా, ఆమెకు అదే ఉప్పు, అదే నూనె" అన్నది. పోత అన్నడు. వానలు పడ్డయి, మోకాళ్ళు నొచ్చినయి. "ఒక్కసారే ఆరువేలు పట్కపోయి కాళ్ళ కాడ పెడుత తియ్యి" అన్నడు. ఎల్లమ్మ ఫోను రెండుసార్లు మోగితే ఎత్తలే. మూడోసారి ఆమె చెయ్యలే.

ఆరునెల్లు నిండినయి. కెనడా నుంచి పిలుపు గూడ వచ్చింది, అరవై రోజులల్ల కాగితాలన్ని పెట్టాలె. తండ్రి బిడ్డకు పైసలు ఇస్తుండు, మళ్ళ అడగడు అని బక్షీస్ కాగితం రాయాలె. ప్రమోద్ అమోసు ఆధార్, జెస్లిన్ పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టిండు. ఒకసారి ఇటు చూసిండు, ఒకసారి అటు చూసిండు.

"కాకా, ఈ పిల్ల తండ్రి అమోసు. పైసలు లచ్చయ్యయి. ఈ లచ్చయ్య ఎవలు?"

అమోసుకు నెత్తిమీద పంకా సప్పుడు పెద్దగ వినొచ్చింది, ఆనాడు లచ్చయ్య విన్న కటకట గిట్లనే ఉండెనేమో.

జెస్లిన్ నవ్వింది. "డాడీనే సార్. బాయిల పేరది."

"గంతేనా? భయపెట్టిండ్రు గదా! ఒక ప్రమాణపత్రం రాద్దాం. అమోసు ఉర్ఫ్ లచ్చయ్య, పేర్లు రెండు, మనిషి ఒక్కడే అని. పేపర్ల గింత ముక్క వేద్దాం. రోజుకు పది చేస్తం గిసొంటియి."

"పేపర్ల ఎందుకయ్యా?" అన్నడు అమోసు. "నలుగురు సదువుతరు."

"ఎవ్వలు సదవరు కాకా. అందుకే దాంట్ల వేసుడు."

వకీలు ముంగట రెండు పేర్లతోని సంతకం చెయ్యమన్నరు. లచ్చయ్య అని గీకి పారేసిండు, ముప్పైఆరేండ్ల అలవాటు. అమోసు అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. సోపతి తప్పిన మనిషి పేరు రాసినట్టు ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కున్నడు. వకీలు కింద ఠప్పా గుద్దిండు.

బుధవారం పేపర్ల ముక్క పడ్డది. బేస్తవారం తెల్వని నెంబరుకెళ్ళి ఫోనొచ్చింది.

"లచ్చయ్య ఉన్నడా?"

"నేనే, చెప్పుండ్రి."

అటుపక్క ఎవలో మెల్లగ నవ్విండ్రు, ఫోను పెట్టేసిండ్రు.

ఆదివారం చర్చికెళ్ళి వచ్చేసరికి వాకిట్ల ఒక మనిషి కూసొని ఉన్నడు. చెప్పులు ఇడిచి గోడకు వరుసగ పెట్టుకున్నడు, ఇంటి మనిషి లెక్క. అమోసును చూసి లేచి కాళ్ళు మొక్కిండు.

"బాపూ, బాగున్నవా?"

"ఎవలు బిడ్డా నువ్వు?"

"గదేంది బాపూ, కన్నకొడుకును గుర్తు పట్టవా?"

ఆ ముక్కు, ఆ నవ్వుడు చూసినంక అమోసుకు తెల్సింది. లచ్చయ్య కొడుకు సుదర్శన్. మట్టినాడు మీసం రాని పోరడు. ఇప్పుడు పేపరు ముక్క నాలుగు మడతలు పెట్టి జేబుల పెట్టుకొచ్చిండు.

"నేనే లచ్చయ్య అని దీంట్ల ప్రమాణం చేసినవ్. నా బడి కాగితంల తండ్రి లచ్చయ్య. మరి నువ్వు నాకేమైతవ్? నువ్వే చెప్పు."

దీనమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది. సుదర్శన్ నిమ్మలంగ తాగిండు.

"ఆరునెల్లాయె వెయ్యి రాక. అమ్మ మొగుడు లేనోళ్ళకు సర్కారిచ్చే నిరాధార్ పింఛన్ కోసం రాజూరా తాసీల్ ఆఫీసుకు పోయింది. ఆఫీసుల కంప్యూటర్ల చూసి ఏమన్నరో ఎరికేనా? నీ మొగుడు బతికే ఉన్నడు, దుర్గాపూర్‌ల పింఛన్ తీస్తుండు, నువ్వు బొట్టెందుకు తీసినవమ్మా అన్నరు. లైన్ల అందరు నవ్విండ్రట. ఇంటికొచ్చి రెండొద్దులు అన్నం ముట్టలే."

"తప్పయింది బిడ్డా. ఆరువేలు ఇప్పుడే ఇస్త. పదివేలు ఇస్త."

"జేబుల పెట్టుకో బాపూ. అమ్మకు పైసలొద్దు. మొగుడు సచ్చిన కాగితం కావాలె. ఏండ్లు గడిచినంక తియ్యాలంటే మట్టి చూసిన సాక్షి ఉండాలన్నరు. చూసిన ముసలోళ్ళంత పోయిండ్రు. ముందుగాల మట్టేసింది నువ్వే గదా. మంగళారం పదకొండు గొట్టంగ రాజూరాకు రా."

"రాకుంటే?"

సుదర్శన్ చెప్పులేసుకున్నడు. "రాకుంటే ఈ ముక్క పట్టుకొని నీ బాయి ఆఫీసుకు పోత. అక్కడ గూడ బాపూ అనే పిలుస్త."

గేటు కాడ జెస్లిన్ ఎదురొచ్చింది. "చెల్లె, మంచిగున్నవా?" అనుకుంట పోయిండు.

"ఎవలు డాడీ?"

"ఊరోడు."

సాయంత్రం బాయిల బొగ్గు పగలగొట్టే తోటా పేలింది. ఎప్పటి లెక్కనే ఇంట్ల గిన్నెలు గలగలమన్నయి, అమోసు మాత్రం ఉలిక్కిపడ్డడు. ఇద్దరే ఉన్నప్పుడు దీనమ్మతోని మెల్లగ చెప్పిండు.

"అమోసు అని సాక్షి సంతకం పెడుత. అమోసు ఎవలో ఆ ఆఫీసుల ఎవ్వలకెరుక? సావు కాగితం అచ్చేసరికి నెలో రెణ్ణెల్లో పడుతది. మంగళారం పొద్దుగాల్నే పిల్ల కాగితాలు పెట్టేస్తది. అటు ఎల్లమ్మ పని అయితది, ఇటు మన పని అయితది."

"అప్పటిదాంక లచ్చయ్య బతికుంటే సాలంటవ్" అన్నది దీనమ్మ. "నాకు మనసొప్పుతలేదయ్యా. పిల్లకు చెప్పు."

"చెప్తే ఆపుతది."

"ఆపనీయ్."

అమోసు చెప్పలే.

మంగళారం రాజూరా బస్సెక్కిండు. సంచిల నీళ్ళ సీసా, ఎల్లమ్మకు ఆరువేలు, ప్రమోద్ ఇచ్చిన ప్రమాణపత్రం నకలు. అది ఎందుకు పట్టుకొచ్చిండో ఆయనకే తెల్వదు. ఇంట్ల పెడితే ఎవలన్న చూస్తరని అయ్యుంటది.

ఆఫీసు వరండల సుదర్శన్ నిలవడి ఉన్నడు, ఎల్లమ్మ గోడకు ఆనుకొని కూసున్నది. ఎండిపోయి పిడికెడైంది. "అచ్చినవా అన్నా" అన్నది, గంతే. పైసలు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

పేరు పిలిస్తే ముగ్గురు లోపటికి పోయిండ్రు. క్లర్కు అద్దాలు సర్దుకున్నడు.

"సాక్షి పేరు?"

"అమోసు."

"పోయిన మనిషి నీకేమైతడు?"

"దోస్తు, సార్."

"సచ్చింది కండ్లతోని చూసినవా?"

"మట్టి వేసిన సార్." ఆ మాట నిజమే గాబట్టి గట్టిగనే వచ్చింది.

"సరే. ఇక్కడ సంతకం. ఆధార్ ఇయ్యి."

అమోసు చెయ్యి సంచిల ఉండిపోయింది, ఆధార్ మీద ఉన్నది లచ్చయ్య పేరాయె. ఇది తట్టలే ఆయనకు. సుదర్శన్‌కు గూడ తట్టలే, వాని మొఖం చూస్తే తెలుస్తనే ఉన్నది.

"తేలే సార్."

"లేకుంటే సాక్ష్యం నడ్వది. అమోసు అని పేరున్నది ఏదన్న ఇయ్యి, ఠప్పా గుద్ది ఉండాలె. లేకుంటే వచ్చే నెల తారీకు ఇస్త."

"అన్నా," అన్నది ఎల్లమ్మ. ఆమె గొంతుల కోపం లేదు, అదే కష్టమనిపించింది ఆయనకు. "సంచి మంచిగ దేవులాడు. ఇంకో నెల నాతోని తిరుగ కాదు."

గోడ మీద గడియారం పదకొండున్నర దాటింది. జెస్లిన్ పదింటికే పెడుత అన్నది. కెనడా పని అయిపోయే ఉంటది. లోకంల అమోసు అన్న పేరు మీద ఠప్పా ఉన్న కాగితం ఒక్కటే ఉన్నది, అది ఆయన వేళ్ళకు తాకుతనే ఉన్నది. పై వరుసల అమోసు అన్న మాట వరకే కనవడేటట్టు మడతపెట్టి బల్ల మీద పెట్టిండు.

క్లర్కు మడత విప్పిండు.

"నేను, అమోసు ఉర్ఫ్ లచ్చయ్య, పుట్టిన ఊరు లక్కడ్‌కోట్..." అని పైకే సదివిండు. ఆగిండు. ఎల్లమ్మ అర్జీ దగ్గరికి గుంజుకున్నడు. "పోయిన మనిషి లచ్చయ్య. ఊరు లక్కడ్‌కోట్." మళ్ళ ఇటు చూసిండు, మళ్ళ అటు చూసిండు.

"కాకా, సచ్చింది నువ్వేనా?"

ఎనక నిలవడ్డోళ్ళు పకపక నవ్విండ్రు. క్లర్కు నవ్వలే. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి ఫోన్ల ఫోటో తీసుకున్నడు, పిన్ను కొట్టి ఒక్కటి చేసిండు. కంప్యూటర్ల లచ్చయ్య పేరు కొట్టి, తెర మీద వచ్చిన పింఛన్ లెక్క సదివి, లేచి నిలవడి సాహెబుకు ఫోను చేసిండు. అమోసుకు మరాఠీ మంచిగనే తెలుస్తది. అప్పుడు మటుకు ఒక్క మాట గూడ చెవిల పడలే.

అంగీ జేబుల ఫోను వణికింది. జెస్లిన్ మెసేజి. "డాడీ, డ్యూటీల ఆలస్యమైంది. ఇప్పుడే కెనడాకు ఆన్‌లైన్ల పెట్టేసిన, పైసలయి, నీ ప్రమాణపత్రం, అన్ని. ఇగ ఎనకకు తీసుకోరాదు. ప్రార్థన చెయ్యుండ్రి."

ఎల్లమ్మకు ఏం సమజ్ కాలే. "అయిపోయిందా సారూ, నా పని?" అని అడుగుతనే ఉన్నది.

క్లర్కు బల్ల ఎనక నుంచి వచ్చి తన కుర్చీ అమోసు ముంగటికి జరిపిండు.

"కూసో కాకా. సాహెబ్ వస్తుండు, పోలీసోళ్ళకు గూడ చెప్పమన్నడు. ఎటూ పోకు."

ప్యూను లైన్ల ఉన్నోళ్ళను బయటికి పంపి, తలుపు దగ్గరికేసిండు.