గుర్రాలవాడి పాట

నవంబరులో ఒక మంగళవారం మా తమ్ముడు కాలిన్ లండన్‌లో న్యుమోనియాతో పోయాడు. ఇరవై ఆరేళ్లు. టెలిగ్రాము బడికి వచ్చింది. అప్పుడు నేను పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. చివరిదాకా చెప్పించాను.

అంతకు ముందు ఏడాది, 1970లో, వాడు పాడే బృందం రికార్డు విడుదలైంది. ఆ రోజుల్లో జుట్టు పెంచిన కుర్రాళ్లు టేప్‌రికార్డర్లు మోసుకుంటూ తూర్పు ఇంగ్లండులోని మా సఫోక్ పల్లెల్లో ముసలివాళ్ల పాటల కోసం తిరిగేవాళ్లు. వాటికి ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు చేర్చి పాడేవాళ్లు. కాలిన్‌కు తిరిగే పని లేకపోయింది. సముద్రంలో మునిగిపోయిన గుర్రాలవాడి మీద పదకొండు చరణాల పాట మా ఇంట్లోనే ఉంది. అది నాన్నది.

మా పబ్బులో శనివారం శనివారం పాటలుంటాయి. ఒకరి పాట మరొకరు పాడరు. పాటగలవాడు అందరి ముందు లేచి, "ఇక ఇది నీది" అంటేనే అది చేతులు మారినట్టు.

రికార్డింగుకు ముందు కాలిన్ నాకు ఉత్తరం రాశాడు. "అన్నా, నాన్నను నువ్వే అడుగు. నేనడిగితే కసురుతాడు." నేను అడగలేదు. వంటింట్లో వాడికి ఆ పాట నేర్పింది నాన్నే కదా అనుకున్నాను. అభ్యంతరం లేదట అని జవాబు రాసేశాను.

రికార్డు వచ్చిన శనివారం పబ్బు యజమాని పెర్సీ దాన్ని పెట్టాడు. గిటార్ల మోత మీదుగా కాలిన్ గొంతు లేచింది.

"ఏం ఆంబ్రోస్! నీ కొడుకు నీ పాటకు కరెంటు పెట్టించాడే. తాకేవు, షాక్ కొడుతుంది!" అన్నాడు పెర్సీ.

అందరూ నవ్వారు. నాన్న బల్ల మీది టోపీ తీసుకుని తలకు పెట్టుకున్నాడు.

"తీసుకున్నాడుగా. వాణ్ణే పాడుకోనీ."

ఆ తర్వాత నాన్న ఆ పాట పాడలేదు. క్రిస్మస్‌కు కాలిన్ వస్తే, వాడు బస్సెక్కేదాకా పందుల దొడ్డిలోనే ఉండిపోయాడు. "ఒప్పుకున్నాడన్నావుగా, మరి కోపమేంటన్నా?" అని వాడు బస్సు దగ్గర అడిగాడు. "ముసలితనంరా," అన్నాను.

ఇప్పుడు బడి వదిలాక ఆ రికార్డు పెట్టుకుంటాను. ఏడో చరణానికి ముందు కాలిన్ ఒకచోట ఊపిరి తీస్తాడు. నాన్న తీసే చోటే. అంతవరకు విని, సూది వెనక్కి పెడతాను.

మొన్న ఆదివారం బంగాళదుంపలు ఒలుస్తూ నాన్న ఉన్నట్టుండి అన్నాడు:

"ఒక్క మాట అడిగుంటే ఇచ్చేవాణ్ణిరా. పదిమందిలో లేచి నిలబడి మరీ ఇచ్చేవాణ్ణి. ఎందుకడగలేదంటావ్? నీకేమైనా చెప్పాడా?"

"టీ చల్లారిపోతోంది నాన్నా," అన్నాను.

వాడు అడగమన్నాడని, నేనే అడగలేదని నాన్నకు ఇంకా చెప్పలేదు.