వై ఉండాల్సిన చోట

నౌపడలో బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడే పట్టి దాచుకోవాలి. నీలవేణి ఆదివారం నాడు గంగులు దగ్గర నీలం డ్రమ్ము కొన్నది అందుకే.

గంగులు ఫ్యాక్టరీలు వదిలేసిన డ్రమ్ములు తెచ్చి అమ్ముతాడు. ఈసారి ఒకే లోడులో పాతిక తెచ్చాడు. డ్రమ్ము మీది కాగితం మాసి, అంచులు లేచి ఉంది. ఇలాంటివి ఇళ్ళలో ఎలా పెట్టుకుంటారని నీలవేణి అతన్ని దులిపేసింది. ఇంటికి తెచ్చాక బూడిద, కొబ్బరిపీచు పెట్టి తనే తోమింది. కాగితం పోయింది. ప్లాస్టిక్కుకు అంటుకున్న అచ్చులో మూడక్షరాలు మాత్రం పోలేదు. ఓ, ఎక్స్, ఐ.

మర్నాడు ఆ దారిన పోతున్న గంగులుకి చూపించింది. ఆక్సిజన్ కంపెనీ సరుకు అన్నాడతను. నీలవేణి ఇంటర్ దాకా చదివింది. అక్షరాలు సరిపోయాయనుకుంది. వీధిలో అందరికీ అదే చెప్పింది. బుధవారానికి ఇంకో పదిళ్ళ ముందు నీలం డ్రమ్ములు వచ్చాయి.

అత్త దేముడమ్మ మొదటి చెంబు తాగి నీళ్ళు తియ్యగా ఉన్నాయంది. మంగళవారం నుంచి ఆమెకు వాంతులు. తమ్ముడింట్లో పనసతొనలు ఎక్కువ తిన్నదని ఇంట్లో అందరూ వేళాకోళం చేశారు.

నీలవేణి కూతురు తన్మయి తొమ్మిదో తరగతి. శనివారం శ్రీకాకుళంలో దానికి పోటీ ఉంది. కొన్ని అక్షరాలు ఇస్తారు. ఆ అక్షరాలు అదే వరసలో ఉన్న ఇంగ్లీషు మాటలు రెండు నిమిషాల్లో చెప్పాలి. రోజూ పొద్దున్న నీలవేణి సబ్బు కాగితం మీదవో నూనె ప్యాకెట్ మీదవో అక్షరాలు ఇచ్చి, ఫోన్లో టైము చూసేది. గురువారం చేతికి ఏమీ దొరక్క డ్రమ్ము వైపు చూసి ఆ మూడక్షరాలూ ఇచ్చింది.

తన్మయి జడ వేసుకుంటూనే మొదలుపెట్టింది. ఆక్సైడ్ అంది. ప్రాక్సిమిటీ అంది. ఆక్సిమీటర్ అంది. కాసేపు ఆగి టాక్సిక్ అంది.

అంటే ఏమిటని అడిగింది నీలవేణి.

"విషం ఉన్నాదని."

నీలవేణి నవ్వింది. "అసలుది మర్సిపోయావే. ఆక్సిజన్."

"అందులో ఐ లేదమ్మా. వై ఉంటాది. సూడు." తన్మయి నోట్సులో రాసి చూపించింది.

నీలవేణి నోట్సు చూసింది. డ్రమ్ము చూసింది. అరుగు మీద దేముడమ్మ చెంబు ఎత్తి తాగబోతోంది. నీలవేణి వెళ్ళి చెంబు లాక్కుంది.

"ఒసే, ఏటే నీకు? గొంతు ఎండిపోతన్నాది," అంది దేముడమ్మ. నాలుక తడబడింది. ఆ సంగతి నీలవేణి అప్పుడే గమనించింది.

డ్రమ్ము ఒంపేశాక ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే సుహాసినికి ఫోన్ చేసింది. సుహాసిని అంతా విన్నది. "విషమంటే సాలదు వదినా. పేరేటో కావాల. పేరు తెలిస్తేనే డాక్టరుగారు మందు సెప్తారు. ఆ కాయితం పట్టుకుని ఆటోలో వచ్చీ."

కాగితం లేదని నీలవేణి చెప్పలేదు. గంగులు కొట్టులో పద్నాలుగు డ్రమ్ములు మిగిలి ఉంటాయి. వాటికి ఉంటుంది.

దేముడమ్మను ఆటోలో పడుకోబెట్టి తల్లీకూతుళ్ళు కొట్టు ముందు దిగారు. డ్రమ్ములు రెండు వరసల్లో బోర్లించి ఉన్నాయి. ఎండకి మెరుస్తున్నాయి.

"సూడమ్మా, నువ్వు తిట్టినావని అన్నీ తోమించీసినాను," అన్నాడు గంగులు. "ఒక్క కాయితం ముక్క లేదు. ఇప్పుడు పెట్టు పేరు."

అతని పక్కన కూడా ఒక డ్రమ్ము ఉంది. దాని మూత మీద అతను నీళ్ళు తాగే గ్లాసు బోర్లించి ఉంది.

తన్మయి మోకాళ్ళ మీద కూర్చుని మొదటి డ్రమ్ము చుట్టూ చూసింది. ఏమీ లేదు. రెండో దాని మీద అచ్చులో రెండక్షరాలు మిగిలాయి. డ్రమ్ము అతుకు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని, ముందు అంత ఖాళీ వదిలి నోట్సులో రాసుకుంది. నాలుగో దాని మీద ఒకటి. ఏడో దాని మీద మూడు. ఒక డ్రమ్ము మీద చెరిగింది ఇంకోదాని మీద మిగిలింది. ఆటోలోంచి దేముడమ్మ నీళ్ళు అడుగుతోంది. పన్నెండో డ్రమ్ము దగ్గర ఖాళీలు నిండాయి. పదకొండక్షరాల మాట. ఇన్నాళ్ళ ఆటలో తన్మయి ఎప్పుడూ చూడని మాట.

ఆస్పత్రిలో దేముడమ్మను మంచం మీదికి చేర్చాక సుహాసిని ఆ నోట్సు పట్టుకుని డాక్టరుకి ఫోన్ చేసింది. ఒక్కో అక్షరం చదివింది. అటువైపు నుంచి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. తర్వాత చాలాసేపు విన్నది.

ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నీలవేణి వైపు తిరిగింది.

"ఆ డ్రమ్ములు ఎందరు కొన్నారని అడుగుతన్నారు వదినా."

"మాతో కలిపి పదకొండిళ్ళు," అంది నీలవేణి. లెక్క వెతుక్కోనక్కర లేకపోయింది. పది ఇళ్ళవాళ్ళకీ తనే దగ్గరుండి, పగుళ్ళు లేనివి చూసి ఇప్పించింది.