గస్తీ లేని ఊరు

సోమవారం ఉదయం ఆరున్నరకు కర్సిదీ కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. రాత్రి వానకు మాను తడిసి ఉంది. తల కాలవగట్టు రాయికి తగిలింది. అన్న దిరున్ అతన్ని వీపున వేసుకుని గట్ల వెంబడి రోడ్డు దాకా మోశాడు. పట్నం ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నమే పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు.

ఆదివారం ఉదయం భార్య వర్సితి అతని నోరు తుడుస్తోంది. వేలికి తడిగుడ్డ చుట్టి చిగుళ్ల వెంట, నాలుక కింద తిప్పింది. ఊరిన ఉమ్మి ఊపిరి గొట్టంలోకి దిగకుండా తలను పక్కకు వంచి పట్టుకోవడం నర్సు లెస్తారి నేర్పింది. నోరయ్యాక పాదాలు. కర్సిదీ పాదాలకు మడమ నుంచి వేళ్ల దాకా చెప్పుల అట్టలా చర్మం గట్టిపడింది. బన్యుమాస్ కొండవాలులో కొబ్బరి నీరా గీసే ఇంట పుట్టాడు. మీసం రాకముందు నుంచీ పొద్దునా సాయంత్రం మానుకు కొట్టిన గాట్లలో ఆ పాదాలు పెట్టి ఎక్కుతున్నాడు. అతను దింపిన నీరాను వర్సితి కాచి బెల్లం అచ్చులు పోస్తుంది. పెళ్లిరోజు సాయంత్రం కూడా ఎక్కాడు. నీరా కారే గెలకు పెళ్లేం తెలుసు అన్నాడు.

శుక్రవారం కళ్లు తెరిచాడు. శనివారం మాట వచ్చింది.

"చెట్లు ఎవరెక్కుతున్నారు?"

"మీ అన్నే."

"ఆయనా? సగం పైనే తాగి దిగుతాడు."

వర్సితి నవ్వింది. పడిన రోజు తర్వాత అదే మొదటిసారి.

ఈ ఉదయం పాదాలు తుడవడం అయ్యేసరికి నర్సు లెస్తారి జ్వరం చూడటానికి వచ్చింది. జ్వరం లేదు.

"మంచిదేగా?" అంది వర్సితి.

"సంబరపడకు పిన్నీ. మీ ఊళ్లో రాత్రిపూట గస్తీ తిరుగుతారుగా?"

"తిరుగుతారు. మా ఇంటి వంతు గురువారం."

"తలకు ఇంత దెబ్బ తగిలితే ఒంట్లో గస్తీ వాళ్లు కర్రలు పడేసి పోతారు. మెదడు నుంచి అలాంటి కబురు వెళుతుంది. నిన్న రక్తం పరీక్షలో చూశాం, రోగంతో పోట్లాడే కణాలు ఉండాల్సిన దాంట్లో సగం లేవు. తేరుకోవడానికి వారాలు పడుతుంది. అందాకా లోపలికి ఎవడు దూరినా కేకేసేవాడు లేడు. జ్వరమంటే ఆ కేకే."

వర్సితి మొగుడి ముఖం చూసింది. నిద్రపోతున్నాడు.

"ఇద్దరికి మించి రానివ్వకు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు అసలొద్దు. తిడతారనుకుంటే నా పేరు చెప్పు. నన్ను తిట్టుకోనీ."

వర్సితి తలూపింది.

పరామర్శ వేళకు ఊరి పికప్ బండి వచ్చింది. బెల్లం సంతకు తోలే బండి. వెనక నిలబడి వచ్చినవాళ్లంతా దిగారు. గుమ్మం దగ్గర కాపలా అతను అందరికీ మాస్కులిచ్చి, ఇద్దరిద్దరే అన్నాడు.

"మేం ఇద్దరిద్దరమేనయ్యా, ఒకరి వెనక ఒకరం," అంది పక్కింటి సుకెమ్. అతని చేతిలో అరటికాయ బజ్జీల పొట్లం పెట్టింది.

మంచం చుట్టూ చోటు లేకుండా నిలబడ్డారు.

"గుండు బాగుంది కర్సిదీ, పెళ్లికొడుకులా ఉన్నావ్," అంది సుకెమ్.

"పిల్లనెవరిస్తారు?" అన్నాడు కర్సిదీ. గొంతు బొంగురుగా వచ్చింది. అందరూ నవ్వారు.

మనిషి మంచాన పడితే ఊరు కదలకపోవడం ఆ ఇంటికి తలవంపు. కదిలి వచ్చిన ఊరిని గుమ్మంలో ఆపడం అంతకంటే తప్పు. వర్సితి ఒక్కొక్కరి ముఖం చూస్తూ నీళ్ల సీసాలు అందించింది.

దిరున్ చివర వచ్చాడు. మాస్కులో రెండుసార్లు దగ్గాడు. ఊళ్లో పిల్లలకు దిష్టి తగిలినా, జడుసుకున్నా అతని దగ్గరకే తెస్తారు. దువా చదివి మాడు మీద ఊదుతాడు.

"దగ్గుతున్నారు బావగారూ," అంది వర్సితి.

"దుమ్మమ్మా. బండి వెనక నిలబడ్డానుగా."

దిరున్ మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"నర్సమ్మ తియ్యొద్దంది."

"గుడ్డ అడ్డం పెట్టుకుని ఊదితే దువా గుడ్డలోనే ఉండిపోతుంది తల్లీ. వాడికెలా చేరుతుంది?"

లెస్తారి వార్డు అవతలి కొసన మరో మంచం దగ్గర ఉంది. పిలిస్తే వినపడుతుంది. వర్సితి దిరున్ చొక్కా భుజం చూసింది. ఉతికినా పోని మరక. తమ్ముణ్ణి మోసినప్పటిది.  మంచం పక్క నుంచి జరిగి అతనికి చోటిచ్చింది.

దిరున్ వంగి దువా చదివాడు. మాడు మీద ఊదాడు. ముఖం మీద ఊదాడు. కర్సిదీ కళ్లు మూసుకున్నాడు.

"హాయిగా ఉంది," అన్నాడు.

మంగళవారం మాట ఆగింది. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి వేగంగా ఆడుతోంది. జ్వరం లేదు. బుధవారం ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి తెల్లగా కనిపించింది. న్యుమోనియా అన్నారు. మందులు మార్చారు, గొంతులో గొట్టం వేశారు.

"బయటివాళ్ల నుంచి అంటుకుందా?" అని వర్సితి డాక్టరును అడిగింది.

"చెప్పలేం. ఆయన నోట్లో ఉండే క్రిములే లోపలికి దిగి ఉండొచ్చు. ఒంట్లో సత్తువున్నవాడైతే వాటికి లొంగడు. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

బయట బల్ల మీద దిరున్ కూర్చుని ఉన్నాడు. అతని దగ్గు తగ్గిపోయింది. డాక్టరు ఏమన్నాడని అడిగాడు. చూద్దామన్నాడని చెప్పింది.

గురువారం మధ్యాహ్నం కర్సిదీ పోయాడు. అదే పికప్ బండిలో అతన్ని ఊరికి తెచ్చారు. పొద్దుగూకకముందే పాతిపెట్టారు. తల వైపు దిరున్ పట్టుకున్నాడు.

పడిన రోజు అతని ఒంటి మీంచి కత్తిరించి తీసిన బట్టలను ఆసుపత్రి వాళ్లు సంచిలో పెట్టి ఇచ్చారు. శుక్రవారం ఉదయం వర్సితి వాటిని పెరట్లో విప్పింది. నిక్కరు జేబులో అరటాకు పొట్లం ఉంది. నీరా పులిసిపోకుండా, అది పట్టే వెదురు గొట్టంలో వేసే సున్నం. గడ్డకట్టి ఉంది.